అవ్వ నోట నిలిచిన కీర్తన



నారాయణఖేడ్ దగ్గరి ఒక పల్లెలో గృహకూడికకు వెళ్లాము. ఆరాధన మొదలయ్యే వేళకు కరెంటు పోయింది. కీబోర్డు మూగబోగా, పాట ఎత్తుకోలేక యౌవనస్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న ఒక అవ్వ, అక్షరం ముక్క రానిది, చేతులతో తాళం వేస్తూ 'త్రాహిమాం క్రీస్తు నాథ' కీర్తన అందుకున్నది. ఒక్క చరణం కూడా విడువలేదు.

"ఎవరు నేర్పిండ్రు అవ్వా?" అని అడిగాము.

"మా అమ్మ నాట్లేసుకుంట పాడేది అయ్యగారూ. ఇని ఇని నాకొచ్చింది" అన్నది.

ఆ కీర్తన రచించినది పురుషోత్తమ చౌదరి గారని ఆమెకు తెలియదు. మనలో ఎందరికి తెలుసు?

చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, అక్కడ స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంస్కృతము, తెలుగు చక్కగా అభ్యసించారు. క్రైస్తవ కరపత్రము చదివి సత్యము వెదకసాగి, 1833లో కటకంలో బాప్తిస్మము పొందారు. ఆ రోజులలో బ్రాహ్మణుడు బాప్తిస్మము పొందడమంటే కులమును, బంధువులను, ఇంటి పంక్తిని పోగొట్టుకొనుటయే. ఆ వెల చెల్లించి ఆయన సువార్తికుడయ్యారు, కాపరి అయ్యారు. 1890లో ప్రభువునందు నిద్రించారు.

ఆయన పాటే బడి అయ్యింది. ఆనాడు మన జనులలో చదువు వచ్చినవారు బహు కొద్దిమంది. కనుక ప్రజలకు అలవాటైన రాగతాళములలోనే ఆయన కీర్తనలు కట్టారు. ప్రతి చరణము తరువాత పల్లవి తిరిగి వస్తుంది. చదువు రానివారు మొదట పల్లవి పట్టుకుంటారు, తరువాత ఒక్కొక్క చరణము నేర్చుకుంటారు. పాపము, సిలువ, క్షమాపణ అనే పాఠములు అలా చెవి ద్వారా హృదయములోనికి దిగుతాయి. జర్మనీలో మార్టిన్ లూథర్ కూడా 1524లో ప్రజల భాషలోనే పాటల పుస్తకములు వెలువరించి సంఘమంతటి చేత పాడించాడు.

చౌదరి గారు 'కులాచార పరీక్ష' అనే గ్రంథములో కులభేదమును పరీక్షకు నిలిపారు. దానిని ఎన్నడూ చదువని మన అవ్వ ఆయన పాటతోనే ఆ పరీక్షకు జవాబు చెప్పుతున్నది. 'త్రాహిమాం' అనగా 'నన్ను రక్షించుము'. ఒకనాడు పండితుల సొత్తుగా ఉన్న సంస్కృత పలుకు, పొలంలో వంగి నాట్లేసే తల్లి ప్రార్థన అయ్యింది. ప్రభువు సన్నిధిలో అగ్రహారమూ లేదు, ఊరి బయటి వాడా లేదు.

కొత్త పాటలు వద్దని మేము చెప్పడం లేదు. కీబోర్డు కూడా దేవుడిచ్చినదే. అయితే పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడినప్పుడు వారి చేతిలో వాయిద్యమూ లేదు, పుస్తకమూ లేదు. లోపల దాచుకున్నదే వారికి మిగిలింది. మన పిల్లల లోపల ఏమి దాచుతున్నాము? ఆసుపత్రి మంచం మీద, చావు ఇంట, పంట పోయిన నాడు వారి నోట ఏ పాట వస్తుంది?

తల్లిదండ్రులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరవండి. వారానికి ఒక కీర్తన చాలు. అర్థము చెప్పి, పుస్తకము మూసి పాడించండి. ఇంట్లో అవ్వ ఉంటే పుస్తకము అవసరమే లేదు. పిల్లలను ఆమె పక్కన కూర్చోబెట్టండి. ఆమె వెళ్లిపోక ముందే ఆ పాట వారి నోటికి రావాలి.

ప్రభువు మీ గృహములను స్తుతిగానముతో నింపును గాక. ఆమేన్.