ఒక్క మనిషి, మూడు కళలు

మా కేంద్రానికి వచ్చిన కళాకారులను శ్రోతలకు పరిచయం చేసే ముందు, "మిమ్ములను ఏమని చెప్పమంటారు?" అని అడగడం మాకు అలవాటు. గాయకుడని, కవి అని వెంటనే జవాబు చెప్పేవారు కొందరు. మరికొందరు క్షణకాలం తటపటాయిస్తారు. వారు పాట వ్రాస్తారు, దానికి వరుస కూరుస్తారు, మిత్రుని పుస్తకానికి అట్టమీది బొమ్మ వేస్తారు, పొద్దున పది గంటలకు పోయి దుకాణం తెరుస్తారు. ఇందులో ఏది వృత్తి, ఏది వ్యాపకం అనేది వారికే తేలని విషయం. కొలువు లేక, పోషకుడు లేక, రెండు మూడు కళలను ఏకకాలంలో సాగించేవారు ఆ పని ఎట్లా నెట్టుకొని వస్తారన్నది ఈ ప్రసంగంలో మేము విచారింపదలచిన విషయం.

ఒక్కరే పలు కళలు సాధించడం మన ఉత్తర తెలంగాణానికి కొత్త కాదు. ఆదిలాబాదు అడవిపట్టుల్లోని పర్ధానులను చూడండి. వారు రాజగోండులకు వంశపారంపర్యంగా గాయకులు, కమానుతో మూడు తీగల కీక్రి వాయిస్తారు, పేప్రె ఊదుతారు, గోండుల వంశ చరిత్రలను, దేవతల గాథలను రాత్రుల తరబడి వినిపిస్తారు. తోటీలలో పురుషులు పాటకు, వాద్యానికి పేరు పడితే, స్త్రీలు పచ్చబొట్లు పొడవడంలో నేర్పరులు. అంటే సంగీతం, చిత్రం ఒకే ఇంటి చూరు కింద ఉన్నాయన్నమాట. ఆదిలాబాదు రాజగోండులను గురించి 1948లో గ్రంథం ప్రకటించిన హైమండార్ఫ్ పండితుడు ఈ సంబంధాలను విపులంగా వర్ణించినాడు. అక్కడ ఒక్కొక్క పర్ధాను కుటుంబానికి ఫలానా గోండు కుటుంబాలు పోషకులని కట్టుబాటు. పండుగకు, పెండ్లికి, కర్మకాండకు కళాకారుడు రావలె. ధాన్యమో, పశువో, పైకమో వారు ఇవ్వవలె. ఎన్ని కళలు వచ్చినా అన్నింటినీ ఒకే గడప పోషించేది కనుక ఏ కళకు ఎంత కాలం కేటాయించాలన్న ప్రశ్నే పుట్టలేదు. ఎప్పుడు ఏది కావాలో పండుగ చెప్పేది.

పట్టణంలో ఆ గడప లేదు. అక్కడ ఉన్నది దుకాణపు బల్ల. ఈ భేదం తెలియడానికి జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ జీవితం కన్న మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఆయన 1954 జనవరి 12వ తేదీన పుట్టినారు. మొదట చేపట్టినది కుంచె; పత్రికలకు బొమ్మలు వేసేవారు. తరువాత కవిత్వం వచ్చినది. 'పరిష్కారం' అనే తొలి కవిత 1974లో అచ్చయినది. అయితే బొమ్మా కూడు పెట్టలేదు, కవితా కూడు పెట్టలేదు. అందుచేత సిరిసిల్లకు పోయి ఛాయాగ్రహణం నేర్చుకున్నారు. జగిత్యాలలో పూర్ణిమ, కరీంనగరంలో శిల్పి, 1983లో హైదరాబాదులో చిత్రలేఖ, ఇట్లా మూడు ఊళ్లలో మూడు స్టూడియోలు పెట్టినారు. ఆ పేర్లను ఒకసారి తిరిగి చదవండి. మూడవదానిలో చిత్రమూ ఉన్నది, లేఖనమూ ఉన్నది. దుకాణానికి పెట్టిన పేరులో కూడ ఆయన తన తక్కిన కళలను వదలలేదు.

ఆనాటి ఫోటో స్టూడియో పని ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. దరఖాస్తుకు అంటించే బొమ్మ కావాలని ఒకరు, పసిబిడ్డను ఎత్తుకొని మరొకరు వస్తారు. దీపాలు సరిచేసి, గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పి బొమ్మ తీసేది ఒక్క క్షణం. అసలు పని ఆ తరువాత ఉన్నది. చీకటిగదిలో ఎర్రదీపం కింద కాగితాన్ని మందునీళ్లలో ముంచితే ఒకటి రెండు నిమిషాలకు ముఖం మెల్లగా పైకి తేలుతుంది. దానిని హైపోలో వేసి స్థిరపరచాలి, చాలాసేపు నీళ్లలో కడగాలి, ఆరబెట్టాలి. ముఖంమీది మచ్చను నెగటివుమీద సన్నని పెన్సిలుతో దిద్దాలి. పెండ్లిండ్ల కాలంలో ఊపిరి సలపదు. మూఢం వచ్చినదంటే గిరాకీ ఉండదు. ఎడతెగక పని చేయడం కాదు, పదేపదే కాచుకొని కూర్చోవడం ఈ వృత్తి లక్షణం. ఆ కాచుకునే సమయం అయిదు నిమిషాలు, పది నిమిషాలుగా ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. దానిలో నవల పట్టదు. నాలుగు పంక్తుల కవిత పడుతుంది.

ఆయన మినీకవిత అంత సూటిగా, బిగువుగా ఉండడానికి ఆవేశమూ సాధనా మూలమని విమర్శకులు అంటారు. కాదనము. కాని దానికి దుకాణం కూడ కొంత కారణమని మా అభిప్రాయం. అక్కరలేని దానిని చట్రం బయట వదలడం, నలుపు తెలుపుల ఎదురెదురు బలాన్ని గుర్తించడం, ఒక్క ముఖంలో ఒక కథంతా పట్టడం ఛాయాగ్రాహకునికి నిత్యకృత్యాలు. ఆయన పద్యంలో మనకు కనిపించేవీ ఇవే. బొమ్మ గీసిన చేయి పదాన్ని కూడ గీతవలె వాడుకున్నది. అంటే ఇక్కడ మూడు కళలూ ఒక కాలాన్ని పంచుకొని పోట్లాడుకోలేదు. ఒకదాని పనిముట్టు మరొకదానికి అరువు పోయినది.

అట్లాగని అంతా సాఫీగా సాగినదనుకోరాదు. ఎర్ర పావురాలు 1978లో, మంటల జెండాలు 1979లో, చురకలు 1981లో వెలువడినాయి. రక్తరేఖ వచ్చేసరికి 1985, సంక్షోభ గీతం నాటికి 1990. రాజధానికి వచ్చిన తరువాత పుస్తకానికీ పుస్తకానికీ నడుమ ఎడం పెరగడం ఈ సంవత్సరాలలోనే కనబడుతున్నది. అద్దెలు పెద్దవి, బ్రతుకు ఖరీదైనది. అయినా కవిత ఆగిపోలేదు, ఎందుకంటే దానికి ఒక గడువు దొరికినది. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' అనే శీర్షిక కింద నగర జీవితాన్ని గురించి చిన్న కవితలు ఏండ్ల తరబడి వ్రాసినారు. అవి 1992లో పుస్తకమైనాయి.

ఈ గడువు సంగతి మాకు బాగా తెలుసు. ఫలానా రోజు రాత్రి ఏడుంబావుకు ప్రసారమంటే, ఎంత తీరికలేని రచయిత అయినా ఆనాటికి ప్రసంగ పాఠం తెచ్చి ఇస్తాడు. అదే మనిషి తన సొంత కావ్యాన్ని పదేండ్లు బీరువాలో ఉంచుతాడు. పలు పనులు పెట్టుకున్నవాని చేతిలో ఇతరులు అడిగిన పని ముందు పూర్తవుతుంది, ఎవరూ అడగని పని వెనుకబడుతుంది. సామాన్యంగా అతనికి ప్రాణమైనది ఆ రెండవదే. కాబట్టి ఆ పనికి కూడ ఏదో ఒక తేదీని, ఒక పత్రికనో, ఒక సభనో, పట్టుబట్టి అడిగే ఒక మిత్రుడినో కట్టిపెట్టుకోవడం ఈ విద్యలో ముఖ్యమైన కిటుకు. పగటిని మూడు సమభాగాలు చేసి మూడు కళలకు పంచిపెట్టే పట్టికలు మేమూ కొన్ని చూచినాము. అవి గోడమీద అందంగా ఉంటాయి.

ఇదే నేలమీద మరొక మార్గం త్రొక్కినవారూ ఉన్నారు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి నిర్వహిస్తూనే 1962లో విడుదలైన 'గులేబకావళి కథ' నుండి సినిమా పాటలు, మరొక వంక కావ్యాలు వ్రాసినారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందినారు. బూరుగుపల్లి చిత్రకారుడు తోట వైకుంఠంగారు బాలలకు చిత్రలేఖనం నేర్పే కొలువు చేసినారు. 'దాసి' చిత్రానికి కళా దర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్నారు. కోస్తా ప్రాంతంలో అంతకు ముందటి తరం అడివి బాపిరాజుగారు నవల, చిత్రలేఖనం, గానం మూడింటినీ సాగిస్తూ, బందరు జాతీయ కళాశాలలోను, హైదరాబాదు 'మీజాన్' పత్రికలోను ఉద్యోగాలు చేసినారు. నెలజీతం కళాకారుని సమయాన్ని తీసుకుంటుంది. బదులుగా, ఈ నెల బియ్యం ఎట్లా అన్న చింతను తీసివేస్తుంది. స్వతంత్రునికి ఈ లావాదేవీ లేదు. అతడు జబ్బుపడిన నాడు దుకాణం మూతపడుతుంది, బొమ్మ ఆగుతుంది, కవిత ఆగుతుంది. మూడు కళలు ఉన్నా, వాటన్నింటినీ మోసే శరీరం ఒక్కటే.

ప్రభాకర్‌కు క్షయ సోకినది. ఆ వ్యాధికి మందు ఉన్నది. కాని మందుతోపాటు నెలల తరబడి క్రమం తప్పని చికిత్స, పుష్టికరమైన ఆహారం, విశ్రాంతి కావలె. దినదినం బల్ల దగ్గర కూర్చుంటేనే పూట గడిచే మనిషికి ఈ మూడూ దొరకడం కష్టం. రోగానికి చీకటిగదే కారణమని మేము చెప్పడం లేదు. సెలవు పెట్టుకునే వీలులేని వృత్తి అది అని మాత్రమే అంటున్నాము. 1993 జనవరి 12వ తేదీన, తన పుట్టినరోజు నాడే, ముప్పది తొమ్మిదేండ్లకు ఆయన కన్నుమూసినారు. చివరివరకూ వ్రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఎర్రదీపాల గదులు మూతపడినాయి. కరీంనగరం, జగిత్యాల ప్రాంతాల యువకులు పాట వ్రాసి, పాడి, తామే చిత్రీకరించి, యూట్యూబులో పెట్టుచున్నారు. పగలు పెండ్లి వీడియోలు తీసేవారు, ఫ్లెక్సీలకు అక్షరాలు కూర్చేవారు వారిలో ఉన్నారు. వారిలో ఎవరైనా మా స్టూడియోకు వచ్చి, ఏమని చెప్పమంటారంటే తటపటాయించినప్పుడు మేము తొందరపెట్టము. ఆ రెండు నిమిషాలలో వారికి తేనీరు తెప్పించి, దుకాణం ఎవరికి అప్పగించి వచ్చినారని అడుగుతాము.