ఆత్మకూరు నుంచి అండమాన్ పగడాల దాకా: స్కూబా ట్రిప్ ప్లాన్ చేసే ముందు ఇది వినండి

చాలా రోజుల నుంచి మీరు అడుగుతా ఉన్న ప్రశ్న ఒకటే. "అన్నా, స్కూబా డైవింగ్‌కి ఎంత అవుతుంది?" ఎంత అవుతుందో చెప్తాను. కానీ డబ్బుల కంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అది నేను అడగలేదు. అడగకపోవడమే కాదు, మా బావకి తప్పుడు సలహా కూడా ఇచ్చాను. ఆ సంగతి దాచకుండా చెప్తాను, చివరి దాకా ఉండండి.

ముందు చిన్న డౌట్ తీర్చుకుందాం. మన నెల్లూరుకి సముద్రం ఉంది కదా, మైపాడు ఉంది కదా, అక్కడే దూకేస్తే సరిపోదా? సరిపోదు. పగడాలు చెట్లు కావు, రాళ్లూ కావు. అవి చిన్న చిన్న జంతువులు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు బతుకుతూ ఉంటుంది. ఆ నాచు ఎండతో తిండి తయారు చేసి పగడానికి పెడుతుంది. అంటే నీళ్లు తేటగా ఉండాలి, లోపలికి ఎండ దిగాలి, ఉప్పు తగ్గకూడదు. మన సోమశిల దాటిన పెన్నా యాడికి పోతుంది? సముద్రంలోకే. పైన కృష్ణ, ఆపైన గోదావరి. ఇవన్నీ ఒండ్రు మట్టినీ, మంచినీళ్లనీ తెచ్చి మన తీరంలో కలుపుతాయి. అందుకే మనకి రొయ్యలు ఉన్నాయి గానీ పగడపు దిబ్బలు లేవు.

మరి ఎక్కడికి పోవాలి? ప్రపంచంలో అతి పెద్దది ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, అందులో విడివిడిగా 2,900 దాకా దిబ్బలు ఉన్నాయి. అక్కడ చదువుకునే మన పిల్లలు కెయిర్న్స్ పోయి డైవ్ చేసి వస్తుంటారు. మనకి ఆ వీసా, ఆ టికెట్ అంటే మాటలు కాదు. మనకి అందేది అండమాన్. అక్కడ పడమటి వైపు నిజమైన బారియర్ రీఫ్ ఉంది, తీరానికి దూరంగా గోడలాగా. కానీ మామూలుగా టూరిస్టులు డైవ్ చేసేది అక్కడ కాదు. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, తీరాన్ని అంటుకుని ఉండే దిబ్బల దగ్గర. రీల్స్‌లో "బారియర్ రీఫ్" అని పెడితే నమ్మేయకండి. అందానికి మాత్రం లోటు లేదు.

రూట్ సింపుల్. ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కి నెల్లూరు, అక్కడి నుంచి రైల్లో చెన్నై. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానంలో రెండు గంటల పైచిలుకు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, కాబట్టి బుకింగ్‌లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి. అక్కడి నుంచి పడవలో హావ్‌లాక్. మనకి పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ చాలు. భాష సమస్య కూడా తక్కువే, అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. నెట్ సంగతి అంటారా? 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నయమైంది. అయినా చేతిలో క్యాష్ పెట్టుకోండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య పోండి. వానాకాలంలో సముద్రం అలలెత్తి, పడవలు కూడా ఆగిపోతుంటాయి.

ఇప్పుడు డైవ్. రెండు రకాలు. మొదటిది ట్రై డైవ్. ఈత రాకపోయినా పర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, 12 మీటర్ల కంటే లోతుకి పోరు. మాకు మనిషికి ఐదు వేల దాకా అయింది. సీజన్‌ని బట్టి మారుతుంది. రెండోది ఓపెన్ వాటర్ కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల దాకా పోవచ్చు. దానికి ఈత రావాలి, 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. మన ఊరి బావిలో నేర్చుకున్న ఈతైనా పనికొస్తుంది.

చాలా మంది సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడి పెట్టి నింపుతారు. అసలు కథంతా ఈ ఒత్తిడిలోనే ఉంది. ప్రతి 10 మీటర్లకి మన పైన ఇంకో వాతావరణం అంత బరువు పడుతుంది. పది మీటర్ల లోతులో ఒక బెలూన్ ఊది మూతి కట్టి పైకి వదిలితే, పైకొచ్చేసరికి రెండింతలు అవుతుంది. మన ఊపిరితిత్తి కూడా అంతే. అందుకే స్కూబాలో మొదటి రూల్: ఊపిరి బిగపట్టకూడదు, పీలుస్తూ వదులుతూనే ఉండాలి.

ఇప్పుడు మా బావ సంగతి. డైవ్‌కి ముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా అని. ఒక్కదానికి "అవును" అన్నా డాక్టర్ సంతకం కావాలి. బావకి చిన్నప్పటి నుంచి ఆయాసం. చలికాలంలో ఇప్పటికీ ఇన్‌హేలర్ వాడతాడు. నేనేమో బస్సులోనే చెప్పాను, "అన్నిటికీ నో పెట్టేయ్ బావా, ఎవరు చూస్తారు? ఏడాది పాటు దాచిన డబ్బులు" అని.

బావ ఫారం ముందు చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత "అవును" మీద టిక్ పెట్టాడు. అంతే, ఇన్‌స్ట్రక్టర్ దించనన్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీదా, బావ మీదా. అప్పుడాయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆయాసం ఉన్నోళ్లకి లోపల గొట్టాలు బిగుసుకుంటే గాలి బయటికి రాదు. పైకి వచ్చే కొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చిరుగుతుంది. నీళ్ల కింద 108 రాదు తమ్ముడూ అన్నాడు. నా చేతులు చల్లబడిపోయాయి. అత్తకి నేనేమని చెప్పేవాణ్ణి?

నేను కిందికి దిగాను. నీలం చేపలు, మెదడు ఆకారంలో పగడాలు, అన్నీ చూశాను. పైన పడవలో బావ కూర్చుని ఉన్నాడనే ఆలోచన మాత్రం పోలేదు. పైకొచ్చాక "ఎట్లుందిరా?" అని నవ్వుతూ అడిగాడు. సారీ చెప్పాను. ఇంటికొచ్చాక నెల్లూరులో ఛాతీ డాక్టర్‌కి చూపించాం. ఆ పని ట్రిప్‌కి ముందే చేసి ఉండాల్సింది. కాబట్టి ప్లాన్‌లో మొదటి స్టెప్ టికెట్ కాదు, డాక్టర్.

రెండో తప్పు కూడా నాదే. డైవ్ మధ్యాహ్నం, రిటర్న్ ఫ్లైట్ మర్నాడు పొద్దున్నే పెట్టాను. లోతులో మన రక్తంలో నైట్రోజన్ కరుగుతుంది. వెంటనే విమానం ఎక్కితే, అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి, గోలీ సోడా కొట్టినట్టు లోపల బుడగలు లేస్తాయి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు అయితే 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే ఇంకా మంచిది. నా డైవ్‌ని పొద్దుటికి జరిపి గండం తప్పించారు. మీరు మాత్రం చివరి రోజంతా సెల్యులార్ జైలుకి ఉంచుకోండి.

ఇంకో మూడు మాటలు. ఒకటి, నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే అది లైక్ కాదు, "పైకి పోదాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. రెండు, ఫోన్ వాటర్‌ప్రూఫే కదా అని తీసుకుపోవద్దు. ఆ టెస్ట్ మంచినీళ్లలో, తక్కువ లోతుకి చేసేది. మూడు, జలుబు ఉంటే దిగొద్దు, చెవి పోతుంది.

చివరిగా, పగడాన్ని ముట్టుకోవద్దు, ముక్క తేవద్దు. దిబ్బలు కట్టే పగడాలకి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది, తెస్తే కేసే. వాటి కష్టాలు వాటికి చాలు. నీళ్లు మామూలు కంటే ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే, పగడం ఆ నాచుని బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. 2010లో అండమాన్‌లో అలాగే చాలా దిబ్బలు తెల్లబడ్డాయి.

మీ ఇంట్లో ఆయాసం ఉన్నోళ్లు, డైవ్‌కి పోదామనుకునే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. బావ పక్కనే ఉన్నాడు, "నా పరువు తీసింది చాలు, ఇంక ఆపరా" అంటున్నాడు. ఆపేస్తున్నా. మళ్లీ కలుద్దాం, ఉంటాను.