జరిగిందంతా మళ్లీ చెప్పాలా?.. టీనేజర్లను భయపెట్టేదీ, గట్టెక్కించేదీ అదే!

యాక్సిడెంట్ జరిగి నెలలు గడిచినా హారన్ వినపడితే ఉలిక్కిపడటం.. రాత్రిళ్లు అదే పీడకల.. ఆ రోడ్డు వైపే వెళ్లకపోవడం. ప్రమాదమో, వేధింపులో, దాడో ఎదురైన పిల్లల్లో ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే అది పీటీఎస్‌డీ కావొచ్చు. అంటే ఘటన ఎప్పుడో అయిపోయినా, మెదడు మాత్రం ఇంకా ప్రమాదంలోనే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది.

దీనికి మంచి థెరపీ ఉంది. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి ఇవన్నీ ఎలా చెప్పాలన్న భయంతోనే చాలామంది వెనకాడతారు.

నార్వే టీనేజర్లు ఏమన్నారంటే..

ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే థెరపీ తీసుకున్న 30 మందిని నార్వే పరిశోధకులు ఇంటర్వ్యూ చేశారు. అందరూ 11 నుంచి 17 ఏళ్ల లోపు వాళ్లే. 2014లో ఆ వివరాలు బయటకొచ్చాయి. కొత్త మనిషితో మాట్లాడటం కష్టమనుకుంటూనే వాళ్లు వెళ్లారు. తీరా వెళ్లాక, ఇంట్లోవాళ్లతో కంటే ఇక్కడే తేలిగ్గా ఉందన్నారు. ఎందుకంటే విన్నవాళ్లు బాధపడతారన్న బెంగ లేదు, చెప్పింది బయటకు పోదన్న నమ్మకం ఉంది. జరిగింది వివరంగా చెప్పడమే కష్టమైందట. ఎక్కువ మేలు చేసిందీ అదేనట!

సెషన్స్‌లో ఏం జరుగుతుంది?

మొదటి రోజే అంతా చెప్పమని అడగరు. ముందు ఊపిరిని అదుపు చేయడం, టెన్షన్ తగ్గించుకోవడం నేర్పిస్తారు. ఆ తర్వాతే అసలు విషయం.. అదీ కొంచెం కొంచెంగా, నోటితో చెప్పో, కాగితం మీద రాసో. జ్ఞాపకం నుంచి తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుంది. ధైర్యం ఇచ్చే చోట చెప్పుకునే కొద్దీ, అది అయిపోయిన విషయమేనని మెదడుకు అర్థమవుతుంది. తప్పంతా నాదే అన్న ఆలోచననూ సరిచేస్తారు. తల్లిదండ్రులకూ విడిగా సెషన్స్ ఉంటాయి.

అయితే ఒక్క మినహాయింపు.. పిల్లల ప్రాణానికో, భద్రతకో ముప్పు ఉందనిపిస్తే మాత్రం థెరపిస్ట్ పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఇది మొదట్లోనే అడిగి తెలుసుకోవచ్చు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఇంకా దాన్నే పట్టుకుని కూర్చున్నావా అనొద్దు. అలాగని గుచ్చి గుచ్చి అడగొద్దు. సెషన్ నుంచి వచ్చిన రోజు మౌనంగా ఉంటే, ఉండనివ్వండి. మొదట్లో కాస్త డల్‌గా కనిపించారని మధ్యలో మాన్పించొద్దు, థెరపిస్ట్‌తో మాట్లాడండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.