సొరకాయ బుర్ర

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సోమాజిగూడలో మా హాల్లో చాప పరిచి, ఎనిమిది మంది పిల్లల్ని బ్యాగులు బోర్లించమన్నాను. శానిటైజర్లు, చిప్స్ ప్యాకెట్లు, పవర్ బ్యాంకులు, ఛాతీ మీద వాక్యం అచ్చేసిన కొత్త టీషర్టులు. దోమతెర ఒక్కటీ లేదు. చర్ల వైపు కోయ గూడేనికి వారం రోజులు పోతూ! ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, ఊరుకుంటానా?

ఇలాంటి ప్రయాణాన్ని చర్చిల్లో షార్ట్ టర్మ్ మిషన్ అంటారు. డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా చెల్లెలి మనవరాలు "అమ్మమ్మా, నేనూ వస్తా" అంది. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుంటే చాలనుకుంది పిచ్చిపిల్ల. మిషనరీ పనికి ఓసీఐ వాళ్లు ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 మార్చి 4 నాటి కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ చెబుతోంది. టూరిస్టు వీసా మీదా కుదరదు, మిషనరీ వీసా వేరు. ఇంకా అవతల ఒడిశాలోకి వెళ్తే 1967 చట్టం ఉంది: బలవంతంగానో మోసంతోనో ఆశ చూపో మతం మార్పిస్తే నేరం. అందుకే గూడెంలో మేం బీపీ చూసే బల్ల దగ్గర ప్రార్థన మాట ఎత్తొద్దంటాను. మా పాస్టరుగారికి ఇది నచ్చదు, తెలుసు. ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో కరపత్రం నాకూ నచ్చదు.

అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లే కోయ అమ్మాయి సాయంత్రాలు వచ్చి మా పిల్లలకు నాలుగు కోయ మాటలు నేర్పుతోంది. మా చర్చి మనిషి కాదు. "ముందు మా వాళ్లు చెప్పేది వినండి, ఫొటోలు తర్వాత" అని మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఈ పిల్లలకు అజరయ్యగారి సంగతి చెప్పాను. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంతంగా ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మనుషుల్ని పంపారు. వాళ్లలో ఒకరైన అజరయ్యగారు కొన్నేళ్లకు తానే వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన కెథెడ్రల్‌కు మసీదు గుమ్మటాలు, గుళ్లో ఉండేలాంటి స్తంభాలు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల మొహం మీదే అడిగారాయన, మీ దగ్గర మాకు కావలసింది స్నేహం అని.

ఆ స్నేహం మాట నాకు ఆలస్యంగా తలకెక్కింది. 1998లో మొదటిసారి గూడేనికి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ సొరకాయ బుర్రలోంచి నీళ్లు వంచబోయింది. "కాచినవేనా?" అన్నాను. నా తెలుగు ఆమెకు అర్థమైందో లేదో గానీ నా మొహం అర్థమైంది. బుర్ర లోపలికి తీసుకెళ్లిపోయింది. కోడలికి ఏడో నెల. మేమున్న మూడు రోజులూ ఆ పిల్లను మా దగ్గరకు రానివ్వలేదు.

అందుకే ఇప్పుడు చెంబుతో రిహార్సల్ చేయిస్తాను. చెప్పులు విప్పి, కింద కూర్చుని, రెండు చేతులా అందుకోవాలి.

"ఆంటీ, విరేచనాలు పట్టుకుంటే?" అన్నాడొకడు.

"క్లోరిన్ బిళ్లలున్నాయి, ఓఆర్‌ఎస్ ఉంది, నేనున్నాను. కూర్చో ముందు."

నిలబడే ఎత్తి పోసుకున్నాడు. మళ్లీ చేయించాను.