నిప్పురవ్వ పడే వేళ

చెట్టుకు ఉయ్యాల కట్టారు. బిడ్డ ఊగుతోంది. ఉయ్యాల చేతి దాకా వచ్చి, తిరిగి పోయేటప్పుడు నెట్టాలి. ఇంకా వస్తుండగానే నెడితే చేతులకే దెబ్బ. దూరం పోయినాక నెడితే ఊపు రాదు. నెట్టడానికి వేళ తెలియాలి.

పెట్రోలు ఇంజన్ కూడా అంతే.

షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్–బెంగళూరు రోడ్డు పోతుంది. ఒకప్పుడు ఆ రోడ్డు మీద అంబాసిడర్, ఫియట్ కార్లు తిరిగేవి. అలాంటి ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది. పైకి పోతూ పెట్రోలు ఆవిరినీ గాలినీ కలిపి అదుముతుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మంట లేచి పిస్టన్‌ను కిందికి నెడుతుంది. బండి కదులుతుంది.

రవ్వ ఎప్పుడు పడాలి?

పొయ్యి ముట్టించగానే కట్టెలన్నీ ఒక్కసారే అంటుకోవు. ఇంజన్‌లో మంట పాకడానికి కూడా కొంత సమయం కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరక ముందే రవ్వ పడాలి. ఇంజన్ వేగం పెరిగితే, ఇంకా ముందు పడాలి.

మద్రాసు దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద కార్ల పందేలు జరిగేవి. పందెం ఇంజన్లు చాలా వేగంగా తిరుగుతాయి. ఒక చుట్టును 360 భాగాలు చేస్తే, చాలా పాత పందెం ఇంజన్లలో సుమారు 30 భాగాల ముందే రవ్వ పడాలి.

రవ్వ ఆలస్యమైతే బండి లాగదు. ఇంజన్ వేడెక్కుతుంది. పెట్రోలు దండుగ. మరీ ముందు పడితే ఇంజన్ టకటక కొట్టుకుంటుంది. పిస్టన్‌కు చిల్లు కూడా పడవచ్చు.

వెనకట కార్లను హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. రవ్వ ముందే పడితే హ్యాండిల్ ఎదురు తన్నేది. మణికట్టు విరిగేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు కరెంటు స్టార్టరు వచ్చింది. ఆ బాధ తప్పింది. ఆడవాళ్లకు కారు నడపడం సులువైంది.

పాత ఇంజన్‌కు వేళ ఎట్లా కుదురుస్తారు?

ముందు పాయింట్ల మధ్య సందు సరిచేస్తారు. ఇంజన్‌ను చేత్తో తిప్పి గుర్తు దగ్గర ఆపుతారు. పాయింట్ల తీగకు చిన్న బల్బు తగిలిస్తారు. డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి మెల్లగా తిప్పుతారు. పాయింట్లు విడిపోగానే బల్బు వెలుగుతుంది. రవ్వ పడే వేళ అదే. అక్కడే బోల్టు బిగిస్తారు.

కొత్త బండ్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. ఇంట్లో పాయింట్లున్న పాత బండి ఉందా? పాయింట్ల సందు మారితే రవ్వ పడే వేళ కూడా మారుతుంది. అందుకే పాయింట్లు మార్చిన మెకానిక్‌ను ఒక మాట అడగాలి: "టైమింగ్ చూసినవా అన్నా?"