పెరటి మునగ, పొయ్యి మీద కేకు, పాత చీర సంచి

వార్డులో రోగిని చూడటానికి వచ్చేవారి చేతుల్లో సాధారణంగా మూడు వస్తువులు కనిపిస్తాయి: ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు ఆపిల్ పండ్లు, బలానికని ఒక పొడి డబ్బా. ప్రేమతో తెచ్చినవాటిని మేము కాదనము. కానీ డిశ్చార్జి రోజున బిల్లు కట్టి, బస్సు చార్జీలకు చిల్లర లెక్కపెట్టుకునే కుటుంబం మళ్ళీ అదే డబ్బా కోసం మందుల షాపు వైపు నడుస్తుంటే మాత్రం ఆపి చెప్పాలనిపిస్తుంది. ఆ డబ్బుతో ఇంటికి ఎన్నో రోజులకు సరిపడా గుడ్లు, పప్పు వస్తాయి. మిగిలినది చాలావరకు పెరట్లోనే పండించుకోవచ్చు.

అందుకే ఈసారి రోగాల పేర్లు పక్కనపెట్టి, ఇంటిపట్టున తక్కువ ఖర్చుతో చేసుకునే పనుల గురించి రాస్తున్నాము. వీటిలో కొన్ని మీకు తెలిసినవే. అయితే ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో అన్న విషయంలో నర్సులుగా మేము చూసేది వేరుగా ఉంటుంది.

ముందు రక్తహీనత సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అలాంటి తల్లికి కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. అప్పటికప్పుడు రక్తం కోసం పరుగెత్తే భర్తను, తమ్ముణ్ణి మేము చూస్తూనే ఉంటాము. ఆ పరుగు తప్పాలంటే ఆరు నెలల ముందే ఇంట్లో పని మొదలుకావాలి.

"సిస్టరమ్మా, పిల్లకు రక్తం పట్టడానికి ఏం పెట్టమంటారు? దానిమ్మకాయలు తెప్పించాము, బీట్‌రూట్ రసం కూడా ఇస్తున్నాము" అని అత్తగార్లు అడుగుతుంటారు. ఎర్రగా ఉన్నవన్నీ రక్తమిస్తాయని మనవాళ్ళ నమ్మకం. నిజానికి ఆ రెండింటిలోనూ ఇనుము తక్కువే. ఆపిల్‌లో ఇంకా తక్కువ. తోటకూర, మునగాకులో అంతకంటే ఎక్కువ ఉంది. కాకపోతే ఆకుకూరలోని ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు. దానికి విటమిన్ సి తోడుండాలి. కాబట్టి పప్పులో ఆకుకూర వేసి, దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనంతోపాటు ఒక జామకాయ తినిపించండి. ఒక ఆపిల్ ధరకు మన ఊళ్ళో ఎన్ని జామకాయలు వస్తాయో మీకే తెలుసు. విటమిన్ సి లెక్కలో ఆపిల్ జామ దగ్గరకు కూడా రాదు. అన్నం తినగానే టీ తాగే అలవాటు మాత్రం మానాలి. కనీసం ఒక గంట ఆగాలి. టీ ఆ ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

ఆకుకూర తింటున్నాం కదా అని ఐరన్ మాత్రలు ఆపవద్దు. తగ్గిపోయిన రక్తాన్ని కూర ఒక్కటే తిరిగి నింపలేదు. గర్భిణికి నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు రోజుకొక మాత్ర ఇవ్వాలన్నది 2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం పద్ధతి. ఆ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దు. క్యాల్షియం మాత్రను దానితో కలిపి వేసుకోకుండా రెండు గంటలు ఎడం ఉంచండి.

ఇక బాలింత పథ్యం గురించి పెద్దవాళ్ళకు ఒక మనవి. వెల్లుల్లి కారం, మెతుకు అన్నం తప్ప పది రోజులు ఏమీ పెట్టని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పప్పు తింటే బిడ్డకు వాతమని, ఆకుకూర తింటే విరేచనాలని, నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని చెబుతారు. రక్తం పోగొట్టుకుని, బిడ్డకు పాలిస్తున్న మనిషికి కావలసినవే ఇవన్నీ. వెల్లుల్లి కారం పెట్టండి పెద్దమ్మగారూ, మేము వద్దనము. దాని పక్కన పప్పు, మునగాకు వేపుడు, ఒక గుడ్డు కూడా పెట్టమంటున్నాము.

పెరడు అంటే పెద్ద స్థలం అక్కర్లేదు. మునగకు గోడవారన మూడడుగుల చోటు చాలు. తొలకరి పడ్డాక మోచేతి పొడవు, బొటనవేలి కంటే లావైన ముదురు కొమ్మను నాటితే వేళ్ళు తొడుగుతుంది. నీళ్ళు నిలిచే చోట మాత్రం కుళ్ళిపోతుంది. మునగకు గొంగళి పురుగు పడుతుందని, ఇంటి ముందు వద్దని చాలామంది కొట్టేస్తారు. చెట్టును కొట్టేయకుండా ఏటా కొమ్మలు కత్తిరిస్తూ ఎత్తు పెరగనివ్వకపోతే ఆకు చేతికి అందుతుంది, పురుగు పడితే వెంటనే కనబడుతుంది కూడా. వంద గ్రాముల మునగాకులో క్యాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు మించదు.

తోటకూర గింజలు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లండి. నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. వేళ్ళతో పీకకుండా పైపైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. బచ్చలికి ఒక తీగ ముక్క, పొన్నగంటికి నాలుగు కాడలు పక్కింటి వదినగారిని అడిగితే చాలు. డాబా మీద ఉండేవారు పగిలిన బకెట్టు, చిరిగిన బియ్యం సంచి వాడుకోవచ్చు. అడుగున చిల్లులు మరవకండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు వీటికి సరిపోతాయి. గోంగూర సంగతి తెలుగువారికి మేము చెప్పనవసరం లేదు. కాకపోతే బి.పి. ఉన్నవారు దాన్ని ఊరగాయగా కాక పప్పులో తినండి.

పెరడు పెంచేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కుండీల కింద పెట్టే పళ్ళాల్లో నిలిచిన నీరు డెంగ్యూ దోమకు పుట్టిల్లు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికి ఒక రోజు పెట్టుకుని ఆ నీళ్ళన్నీ పారబోసి, పళ్ళెం రుద్ది ఆరబెట్టండి. సుగర్ ఉన్నవారు చెప్పుల్లేకుండా మట్టిలో దిగవద్దు. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. ఆ పుండు ముదిరి వేళ్ళు తీసేయవలసి వచ్చినవారు మా సర్జరీ వార్డులో ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా మొక్కలకు నీళ్ళు పోయడానికి, ఇంట్లో నూనె పోసుకోవడానికి పనికిరాదు. దాన్ని చిల్లులు పొడిచి పారేయవలసిందే. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆకుకూర ఎంత తినాలో డాక్టరుగారిని అడిగి తినండి. రెండో రకంవారికి ఒకరోజు కుప్పలుగా, మరోరోజు అసలు లేకుండా తినడమే ఎక్కువ ఇబ్బంది.

ఇక కేకు. క్రిస్మస్ వస్తే మన సంఘ కుటుంబాల్లో కేకు లేకుండా గడవదు. ఓవెన్ లేదని బేకరీకి పోతాము. నిప్పు సెగతో కాల్చడం మనకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెను మందపాటి గిన్నెలో పోసి, కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నిప్పులు వేసి కాల్చేవారు. అదే ఓవెన్!

అంగుళం మందాన ఇసుక పరచిన ఇనప మూకుడో, పాత మందపాటి గిన్నెనో తీసుకోండి. రోజూ పప్పు వండే ప్రెషర్ కుక్కరును దీనికి వాడకపోవడమే మేలు. నీళ్ళు లేకుండా కాగితే సత్తు కుక్కరు పాడవుతుంది. తప్పక వాడితే రబ్బరు, విజిల్ రెండూ తీసివేయాలి. ఇసుకలో చిన్న స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థం మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి.

ఈలోగా ఒక కప్పు గోధుమపిండి, అరకప్పు రాగిపిండి, ఒక చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. వేరే గిన్నెలో ఒక కప్పు బెల్లం తురుము, ఒక కప్పు పెరుగు, అరకప్పుకు కాస్త తక్కువ నూనె కలిపి బెల్లం కరిగేదాకా గిలకొట్టండి. రెండూ కలిపి, ఇడ్లీ పిండి కంటే కొంచెం పలుచగా వచ్చేలా పాలు పోయండి. ఎక్కువసేపు తిప్పితే కేకు గట్టిపడుతుంది. పెరుగులోని పులుపు, సోడా కలవగానే పొంగడం మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా నూనె రాసిన గిన్నెలో పోసి, వేడెక్కిన మూకుట్లో దించండి. సన్నని సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట మూత తీయవద్దు, తీస్తే నడుమ కుంగిపోతుంది. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. పూర్తిగా చల్లారాక కోయండి.

వంద గ్రాముల రాగుల్లో క్యాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. మైదా కేకులో ఆ బలం లేదు. కానీ ఒక మాట. బెల్లం వేశాము కదా అని సుగర్ ఉన్న నాన్నగారికి రెండు ముక్కలు పెట్టకండి. చక్కెర చేసే పనే బెల్లమూ రక్తంలో చేస్తుంది. ఆయనకు పండుగ పూట ఒక చిన్న ముక్క, ఆ పూట అన్నం తగ్గించి. పిల్లలను ఆ ఇసుక దగ్గరకు రానివ్వవద్దు. కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చల్లని నీళ్ళు పోయండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు ఏదీ రాయవద్దు. అవి పూసుకొచ్చిన గాయాన్ని శుభ్రం చేయడానికే మాకు అరగంట పడుతుంది, ఆ బాధ పిల్లవాడిది.

చేతిపనుల్లో మేము అందరికీ చెప్పేది మందుల సంచి. పాత నూలు చీర ముక్కను రెండు మడతలు వేసి, ముందువైపు మూడు జేబులు కుట్టండి. మొదటి జేబు మీద ఉదయించే సూర్యుణ్ణి, రెండో దాని మీద నడినెత్తి సూర్యుణ్ణి, మూడో దాని మీద చంద్రవంకను రంగు దారంతో కుట్టండి. చదువు రాని అమ్మమ్మ కూడా ఏ పూట మాత్ర ఆ పూట తీసుకోగలదు. అన్నానికి ముందు వేసుకునే మాత్ర రేకుకు ఎర్ర దారం ముడివేయండి. మాత్రలను రేకులోంచి ముందే తీసి ఉంచవద్దు, చెమ్మ తగులుతుంది. సంచి పిల్లలకు అందనంత ఎత్తున వేలాడాలి. అదే చీరలో మిగిలిన మెత్తని భాగం పసిబిడ్డకు బొంత అవుతుంది. ఉడికించి ఉతికి, ఎండలో ఆరవేసి కుట్టండి. గుండీలు, పిన్నీసులు వద్దు. బిడ్డ కాళ్ళు కట్టేసినట్టు బిగించి చుట్టవద్దు.

ఇన్సులిన్ తీసుకుంటూ ఇంట్లో ఫ్రిజ్ లేనివారికి కుండ ఉంది. పెద్ద మట్టికుండలో చిన్న మట్టికుండ పెట్టి, నడుమ ఇసుక నింపి, ఆ ఇసుకను ఉదయం, సాయంత్రం తడపండి. ఇన్సులిన్ సీసాను బిగుతైన చిన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి ఆడే చోట ఉండాలి. పొడి ఎండలుండే రాయలసీమ, తెలంగాణ జిల్లాల్లో ఇది బాగా చల్లబడుతుంది. ఉక్కపోసే కోస్తాలో అంత కాదు. వాడుకలో ఉన్న సీసాను నాలుగు వారాల్లో ముగించాలి. ఫ్రిజ్ లేనివారు ముందుగా నాలుగైదు సీసాలు కొనిపెట్టుకోవద్దు. గడ్డలు కట్టినట్టు కనిపిస్తే వాడవద్దు.

పొదుపు చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. గారెలు వేసిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచి నల్లబడేదాకా వాడటం, బజ్జీలను వార్తాపత్రిక మీద వేసి సిరాతో సహా తినడం రెండూ మానాలి. వీటికంటే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. బి.పి. మాత్రను సగం విరిచి రెండు రోజులకు సర్దుకునేవారు, నెల ఆఖరులో సుగర్ మందు ఆపి జీతం వచ్చాక మొదలుపెట్టేవారు మన సంఘంలోనే ఉన్నారు. మొహమాటపడి చెప్పరు. పక్షవాతంతో మంచాన పడి వచ్చినప్పుడు బయటపడుతుంది. మందు ఖర్చు భరించలేకపోతే ఆ మాట డాక్టరుగారితో చెప్పండి. అదే మందు జన ఔషధి కేంద్రాల్లో చాలా తక్కువ ధరకు దొరకవచ్చు. డాక్టరుగారికి చెప్పడానికి ఇబ్బందైతే ఓ.పి.లో ఉన్న ఏ సిస్టరు చెవిలోనైనా వేయండి. మేము మాట్లాడతాము.

మందుల సంచి నమూనా కాన్పుల వార్డు ముందు గోడకు వేలాడుతోంది, కొలతలు తీసుకోవచ్చు. నర్సుల హాస్టల్ వెనుకనున్న మునగ చెట్టును వానలు మొదలవగానే కత్తిరిస్తాము. కొమ్మలు కావలసినవారు ఒక పాత గోనెసంచి తెచ్చుకోండి.