పాత ట్రాక్టరు ఇంజను మరమ్మతు: చేయింపవచ్చునా, మానవలెనా?

ట్రాక్టరు పాతబడి, పొగ విడుచుచు, నాగలి లాగలేకున్నప్పుడు ఇంజను మొత్తము విప్పవలెనని మెకానిక్కులు చెప్పుట కలదు. ఆ మాట విన్నంతనే అప్పు చేయరాదు. తుక్కు క్రింద అమ్మివేయనురాదు.

ముందుగా లోపమెక్కడనో తెలియవలెను. నల్లని పొగ డీజిలు సరిగా కాలకపోవుటచే వచ్చును. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినను, ఇంజక్టర్లు చెడినను ఇట్లే జరుగును. వీనికై ఇంజను విప్ప నక్కరలేదు. నీలిపొగ వచ్చుచు, ఆయిలు మాటిమాటికి తగ్గుచు, బ్రీదరు గొట్టమునుండి పొగ బలముగా వెలువడుచున్నచో రింగులు, లైనర్లు అరిగినవని అనుమానింపవలెను. ఆయిలు పాలు పోసిన టీ వలె నున్నచో అందు నీరు కలిసినది. అట్టి ఇంజనును తక్షణమే ఆపవలెను. లేనిచో బేరింగులు చెడి, నష్టము క్రాంకు వరకు పోవును. కంప్రెషను కొలిపించి చూచిన పిమ్మటనే విప్పుటకు సమ్మతింపుడు.

గేరుబాక్సు, క్లచ్చి, హైడ్రాలిక్కులను కూడ చూపింపవలెను. అవియు అరిగియున్నచో ఇంజనుకు పెట్టిన సొమ్ము వ్యర్థము.

ఇక లెక్క. మరమ్మతునకు 90,000 రూపాయలగుననియు, బండి మరి 5 ఏండ్లు పనిచేయుననియు అనుకొందము. నేడు ఉన్నదున్నట్లు అమ్మిన లక్ష వచ్చును; 5 ఏండ్ల పిమ్మట 50,000 మాత్రమే వచ్చుననుకొనిన, తగ్గిన ఆ 50,000 కూడ మనకు ఖర్చే. మొత్తము 1,40,000. ఏటికి 400 గంటలు నడపు రైతునకు గంటకు 70 రూపాయలు పడును. 100 గంటలే నడపువానికి 280 పడును. ట్రాక్టరు ఒక్కటే, మరమ్మతు ఒక్కటే. సమాధానము మాత్రము వేరు. దీనికి డీజిలు, డ్రైవరు, ఆయిలు, అప్పుపై వడ్డీ చేర్చి, అటుపై ఊరి బాడుగతో పోల్చవలెను. అయితే తొలకరి పడిన నాడు ఊరంతయు ఒక్కమారే ట్రాక్టరు కోరును. సమయమునకు బాడుగ బండి దొరకని యూరిలో సొంత బండికి కొంత యెక్కువ పడినను నష్టము లేదు.

నిరుడు టైర్లకు పెట్టితిమి గదా యని మరమ్మతునకు దిగువారు కలరు. ఆ సొమ్ము ఎటులైనను పోయినదే. మంచి టైర్ల వలన అమ్మకపు ధర కొంత పెరుగును, అంతవరకే లెక్క.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. గడువు సమీపించినచో ఆ ఖర్చును సైతము కలుపుడు.

మరమ్మతునకే నిశ్చయించినచో ఏయే భాగములు మార్చెదరో, వాని వెల యెంతో కాగితముపై వ్రాయించుకొనుడు. విప్పిన తరువాత క్రాంకు కూడ అరిగినదని తేలిన మరెంత యగునో ముందే అడిగి, ఆ పెద్ద మొత్తముతోనే పై లెక్కను మరల వేయుడు.